మధూకరం పెంచిన గొంతు

ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టింది కృష్ణా డెల్టాలో. 1922 డిసెంబరు 4న, గుడివాడ దగ్గర చౌటపల్లిలో. అది కాలవ నీళ్ళ సీమ, వరి చేల సీమ. అదే పాత కృష్ణా జిల్లాలో ఉన్నా జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం దానికి పూర్తిగా భిన్నమైనది. మునేరు, పాలేరు, వైరా ఏళ్ళ మధ్య పరుచుకున్న మెట్ట ఇది. నాగార్జునసాగర్ ఎడమ కాలవ రాకముందు ఇక్కడి రైతు ముఖ్యంగా వానను నమ్ముకునే బతికాడు. జొన్న, కంది, మిరప, పత్తి అతని పంటలు. ఒకవైపు నైజాం సరిహద్దు, మరోవైపు జమీందారీలు. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ఈ ప్రాంతం ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్ళింది గాని, నేల మాత్రం అదే నేల.

బెజవాడలోనో బందరులోనో జరిగినట్టు ఇక్కడి పల్లెల్లో శాస్త్రీయ సంగీత సభలు జరగలేదు. త్యాగరాజ కృతికి తల ఊపే శ్రోతలు ఇక్కడ వేళ్ళ మీద లెక్కపెట్టదగినంతమందే. అయినా ఘంటసాల ఈ మెట్ట రైతుకు, కూలికి తన సొంత మనిషి అయ్యాడు. ఇది ఎలా జరిగింది? “దేవుడిచ్చిన గొంతు” అని చేతులు దులుపుకోవడం తేలిక. కాని సాహిత్య చరిత్ర చదివేవాళ్ళకు ఆ జవాబు చాలదు. ఒక గొంతు తయారు కావడానికి ఒక చరిత్ర కావాలి. దాన్ని వినడానికి ఒక చెవి తయారు కావడానికి కూడా మరొక చరిత్ర కావాలి.

ముందు చెవి సంగతి చూద్దాం.

మెట్ట ప్రాంతపు శ్రోతను తయారుచేసింది పద్యనాటకం. పంటలు ఇంటికి చేరాక, తిరునాళ్ళ రోజుల్లో, ఊరి బయలులో పెట్రోమాక్స్ దీపాల వెలుతురులో రాత్రంతా ఆడిన నాటకాలవి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి హరిశ్చంద్ర, కాళ్ళకూరి చింతామణి చదువు రాని మనిషికి కూడా నోటికి వచ్చాయి. ఈ ప్రాంతానికి పక్కనే ఉన్న మైలవరం జమీందారు పోషించిన బాలభారతీ నాటక సమాజం ప్రసిద్ధి మనకు తెలుసు. ఆ సమాజం ఆడిన శ్రీకృష్ణ తులాభారానికి పాటలు రాసిన చందాల కేశవదాసుది సరిహద్దు కవతల ఖమ్మం సీమ. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదకు పాటలు రాసిందీ ఆయనే. అంటే తెలుగు సినిమా పాట మద్రాసులో పుట్టిందని మనం అనుకుంటాం గాని, దాని బొడ్డుతాడు ఈ మెట్ట నాటకరంగంతో ముడిపడి ఉంది.

అయితే ఆ పద్యనాటకానికి ఒక జబ్బు ఉండేది. మైకు లేని రోజుల్లో చివరి వరుసలో కూర్చున్నవాడికి వినిపించాలంటే నటుడు గొంతు చించుకోక తప్పదు. దానికి తోడు “వన్స్ మోర్”ల మోజు. పద్యం నాలుగు పాదాలయితే రాగం నలభై పాదాలయ్యేది. కృష్ణుడు రాయబారానికి వచ్చాడన్న సంగతి నటుడూ మరిచేవాడు, ప్రేక్షకుడూ మరిచేవాడు. హార్మోనియానికీ గొంతుకూ జరిగే పందెంలో కవి ఓడిపోయేవాడు.

ఇప్పుడు గొంతు సంగతి.

ఘంటసాల తండ్రి సూర్యనారాయణ నారాయణతీర్థుల తరంగాలు పాడేవాడు, మృదంగం వాయించేవాడు. కొడుకును భుజాన ఎక్కించుకుని భజనలకు తీసుకుపోయేవాడు. తండ్రి పాడుతుంటే పిల్లవాడు ఆడేవాడు. పదకొండో ఏట తండ్రి పోయాడు. ఆ తర్వాత సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో పరాయి ఇళ్ళలో ఊడిగం చేశాడు. ఇంటి పని దండిగా దొరికింది గాని సంగీతం దొరకలేదు. చివరికి వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరాడు. సంగీత కళాశాల ఆవరణలో దొరికిన చోటు కూడా పోయాక ఒక గుడిలో తలదాచుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి అతన్ని చేరదీసి, పైసా పుచ్చుకోకుండా పాఠం చెప్పాడు. గురువు విద్య ఇవ్వగలిగాడు గాని, తిండి పెట్టగలిగిన స్థితి ఆ ఇంటికీ లేదు. అందుకని కుర్రవాడు జోలె కట్టుకుని మధూకరానికి వెళ్ళాడు. విజయనగరం వీధుల్లో ఇంటింటా వేసిన అన్నం తిని స్వరం పట్టాడు.

ఈ ఘట్టాన్ని సినిమా పత్రికలు కన్నీళ్ళు పెట్టించడానికి వాడుకున్నాయి. కాని దీని అర్థం కన్నీళ్ళతో తీరేది కాదు. ఆ గొంతు వెనక ఏ రాజాస్థానమూ లేదు, ఏ వంశపు ఆస్తీ లేదు. ముక్కూ మొహమూ తెలియని గృహిణులు పెట్టిన పిడికెడు పిడికెడు మెతుకులున్నాయి. ఆ గొంతు మీద జనానికి హక్కు అక్కడే ఏర్పడింది.

1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చినప్పుడు, అప్పటికి సంగీత విద్వాన్ అయిన ఆ యువకుడు కచేరీలు వెతుక్కోలేదు. ఉద్యమంలో దిగి అరెస్టయ్యాడు. బళ్ళారి అలీపురం జైల్లో 18 నెలలు గడిపాడు. జైలు నుంచి వచ్చాక 1944లో సావిత్రిని పెళ్ళాడాడు. అత్తవారి ఊరు పెదపులివర్రులో సముద్రాల రాఘవాచార్య పరిచయమై మద్రాసు రమ్మన్నాడు. అక్కడ మళ్ళీ కష్టాలే. పానగల్ పార్కులో పడుకున్న రాత్రులున్నాయి. ఈ గొంతు రికార్డుకు పనికిరాదన్న పెద్దలూ ఉన్నారు. కోరస్‌లో పాడాడు, చిన్న వేషాలు వేశాడు. స్వర్గసీమ (1945)లో భానుమతితో కలిసి పాడాక దారి కనిపించింది. మనదేశం, కీలుగుర్రం (1949), షావుకారు (1950), పాతాళభైరవి (1951) సంగీత దర్శకుడిగా నిలబెట్టాయి. సుబ్బురామన్ స్వరపరిచిన దేవదాసు (1953) గాయకుడిగా ప్రతి ఇంటికీ చేర్చింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు తెలుగు సినిమాకు మగ గొంతు అంటే దాదాపు ఆయన గొంతే.

ఈ విజయాల జాబితా అందరికీ తెలిసిందే. మనకు ముఖ్యమైనది వేరొకటి. ఘంటసాల పద్యాన్ని ఏం చేశాడు?

గ్రామఫోను రికార్డు ఒక ముఖాన పట్టేది సుమారు మూడు నిమిషాలు. రాగం సాగదీయడానికి చోటు లేదు. మైకు ముందు అరవవలసిన పని లేదు. ఈ రెండు యంత్రాలూ అందరు గాయకులకూ ఒకే రకంగా అందాయి. వాటి నుంచి ఒక కొత్త శిల్పాన్ని పిండుకున్నవాడు ఘంటసాల. రాగాన్ని పద్యానికి ముందో చివరో గుప్పెడు మాత్రం చల్లి, మధ్యలో మాటను నిలబెట్టాడు. యతి ప్రాసల దగ్గర కాక అర్థం తెగే చోట ఊపిరి తీసుకున్నాడు. సమాసాన్ని ఎక్కడ విరిస్తే విన్నవాడికి బొమ్మ కడుతుందో అక్కడ విరిచాడు.

నర్తనశాల (1963) దీనికి మంచి ఉదాహరణ. బృహన్నల ఉత్తరుడికి కౌరవ సైన్యాన్ని చూపిస్తూ, ఒక్కొక్క జెండానూ గుర్తు చెప్పి, ఆ వీరుడెవరో చెప్పే సీసపద్యం అందులో ఉంది. అది పదమూడో శతాబ్దపు తిక్కన విరాటపర్వంలోనిది. సంస్కృత సమాసాలతో బిగిసిన పద్యం. ఒక్కొక్క పాదం ఒక్కొక్క వీరుడితో ముగుస్తుంది. ఘంటసాల ఆ ముగింపులనే పట్టుకున్నాడు. సమాసం జెండాలా ఎగిరి, పేరు దగ్గర దిగుతుంది. అర్థం తెలియని మనిషికి కూడా “ఇతను ఒకడు, అతను మరొకడు” అని వరసగా కళ్ళకు కనిపిస్తారు. మిరప చేలో కూలికి పోయే మనిషి చెవిన తిక్కన పద్యం పడింది ఏ విశ్వవిద్యాలయం వల్లా కాదు. ఊళ్ళోకి వచ్చిన టూరింగ్ టాకీసు వల్ల, పెళ్ళిపందిట్లో కట్టిన లౌడ్‌స్పీకరు వల్ల. కరుణశ్రీ పుష్పవిలాపం, కుంతికుమారి కూడా పుస్తకం కొనలేని ఇళ్ళలోకి రికార్డు మీదుగానే వెళ్ళాయి.

పద్యనాటకం పండించి ఉంచిన చెవికి ఈ కొత్త గొంతు అందింది. మెట్ట ప్రాంతం ఘంటసాలను సొంతం చేసుకోవడంలోని రహస్యం ఇదే. తనకు ముందే తెలిసిన పద్యాన్ని, ఈసారి తనకు అర్థమయ్యేట్టు పాడినవాడు దొరికాడు.

ఇలాంటి పరిణామం మన ఒక్కరిదే కాదు. అమెరికాలో నల్లజాతి ప్రజలు చర్చిలో పాడుకున్న సువార్త గీతాల బాణీలోంచి, 1950ల మధ్య నుంచి “సోల్” అనే సంగీతం పుట్టింది. రే చార్లెస్ భక్తి బాణీని లౌకిక ప్రేమగీతంలోకి తెచ్చినప్పుడు మతపెద్దలు కోపగించారు. మతబోధకుడి కొడుకు శామ్ కుక్ చర్చి బృందం వదిలి జనంలోకి వచ్చాడు. మార్పు రాక తప్పదన్న అతని పాట 1964 డిసెంబరులో, అతను హత్యకు గురైన కొద్ది రోజులకే విడిగా విడుదలై, పౌరహక్కుల ఉద్యమపు గీతమయింది. డెట్రాయిట్ బోధకుడు సి.ఎల్. ఫ్రాంక్లిన్ కూతురు అరీతా, ఓటిస్ రెడింగ్ పాటనే తీసుకుని 1967లో స్త్రీ గొంతుతో గౌరవం కావాలని అడిగింది. తండ్రి తరంగాల మీద అడుగులు వేసిన చౌటపల్లి పిల్లవాడికీ, తండ్రి చర్చిలో పాడుతూ పెరిగిన అరీతాకూ మధ్య సముద్రాలున్నాయి గాని, దారి ఒకటే. భక్తి ఇచ్చిన శ్వాసను లోకం కోసం ఖర్చుపెట్టడం.

పోలిక ఇక్కడితో ఆగకూడదు. ఆగితే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. సోల్ గాయకులు పీడిత జాతి బిడ్డలు. ఘంటసాల పేదవాడే గాని బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. మధూకరం అడిగే జోలె అవమానమే కావచ్చు, కాని ఆ జోలె పట్టే హక్కు కూడా అందరికీ ఉన్నది కాదు. అదే ఆకలితో, అదే గొంతుతో ఒక మాల పిల్లవాడో మాదిగ పిల్లవాడో విజయనగరం వీధిలో నిలబడి ఉంటే ఏ తలుపు తెరుచుకునేది? ఏ గుడి అరుగు మీద పడుకోనిచ్చేవారు?

ఘంటసాల కంటే రెండేళ్ళ ముందు, 1920లో, కృష్ణ కవతల గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో షేక్ నాజర్ పుట్టాడు. ఆయనకూ సంగీతమే పిచ్చి, ఆయనకూ పేదరికమే పెట్టుబడి. నాజర్ దారి సినిమా స్టూడియోలోకి కాక ప్రజానాట్యమండలి వేదిక మీదికి వెళ్ళింది. జంగం కథను బుర్రకథగా సానబట్టి, బెంగాల్ కరువునూ పల్నాటి యుద్ధాన్నీ జనానికి చెప్పాడు. 1986లో పద్మశ్రీ వచ్చింది, 1997లో కన్నుమూశాడు. ఆయన ఆత్మకథ పేరే “పింజారి”. ఒకే తరంలో, ఒకే నది చుట్టుపక్కల పుట్టిన ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదివితేగాని తెలుగు గొంతు చరిత్ర పూర్తి కాదు. ఇద్దరూ పాతరూపాన్ని జనానికి అర్థమయ్యేట్టు మార్చినవాళ్ళే. ఒకరి గొంతు ప్రతి ఇంట్లో రికార్డుగా ఉంది. రెండో ఆయన గొంతు చాలావరకు విన్నవాళ్ళ జ్ఞాపకంతోనే పోతోంది.

ఘంటసాలను ప్రజాగాయకుడని ముద్ర వేయడం నా ఉద్దేశం కాదు. ఆయన పాడినవాటిలో అధికభాగం సినిమా ప్రేమలూ దేవుళ్ళే. కాని అభ్యుదయ కవులు సినిమాలోకి వచ్చినప్పుడు వారి మాట బరువు తగ్గకుండా మోసిందీ ఆ గొంతే. తోడికోడళ్ళు (1957)లో సుఖం అనుభవించేవాళ్ళ వెనక చెమటోడ్చేవాళ్ళెవరని నిలదీసే ఆత్రేయ పాటను ఎలా పాడాడంటే, అది శ్రీశ్రీ రాసిందని నేటికీ చాలామంది నమ్ముతారు. వెలుగునీడలు (1961)లో స్వాతంత్ర్యం వచ్చిందని సంబరపడితే చాలదన్న శ్రీశ్రీ గీతాన్ని సుశీలతో కలిసి పాడాడు. అలీపురం జైలు చూసిన మనిషి ఆ పాట పాడుతున్నాడని గుర్తుపెట్టుకుని వినండి, తేడా తెలుస్తుంది.

1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో యూరప్, అమెరికాలు తిరిగి పాడాడు. అప్పటికే గుండెజబ్బు. 1974 ఫిబ్రవరి 11న చనిపోయాడు. వయసు 51.

ఆయన పోయాక రెండు గొంతులు జనంలోకి వచ్చాయి. ఒకటి భగవద్గీత రికార్డు. రెండోది అదే ఏడు మే నెలలో విడుదలైన అల్లూరి సీతారామరాజులో, రామకృష్ణతో కలిసి పాడిన శ్రీశ్రీ పాట. ఆ పాటకు శ్రీశ్రీకి జాతీయ పురస్కారం వచ్చింది. కాలక్రమంలో గీత రికార్డు శవం లేచే ఇంటి గుర్తయి కూర్చుంది. ఎవరింట్లోనైనా ఆ గొంతు వినిపిస్తే “ఎవరు పోయారు?” అని అడిగే స్థితి వచ్చింది. బతికి ఉన్న మనుషులను తట్టిలేపిన రెండో గొంతును ఆగస్టు 15కూ జనవరి 26కూ పరిమితం చేశాం. ఇందులో గాయకుడి తప్పు లేదు. వారసత్వాన్ని ఎంచుకున్న మనదే బాధ్యత.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లో పద్యనాటకం ఆడిన ముసలి నటులు, హార్మోనియం వాయించినవాళ్ళు, బుర్రకథ చెప్పినవాళ్ళు, తిరునాళ్ళలో మైకుసెట్లు నడిపినవాళ్ళు ఇంకా కొద్దిమంది ఉన్నారు. సాహిత్య విద్యార్థులు సెలవుల్లో వారి దగ్గర కూర్చుని, ఏ పద్యం ఎవరి దగ్గర విన్నారో, ఎలా పాడారో, ఎవరిని వేదిక ఎక్కనివ్వలేదో రాసుకోవాలి. పెద్ద గొంతు చరిత్ర మనకు దొరికింది. దాన్ని విన్న చెవుల చరిత్ర, వినిపించే అవకాశమే దొరకని గొంతుల చరిత్ర ఇంకా రాయవలసి ఉంది.