భూగోళపు దుప్పటి: ఒక శాస్త్రచరిత్ర

సూర్యుని నుండి అందే వేడిమిని, భూమి తిరిగి అంతరిక్షంలోకి విడిచే వేడిమిని మాత్రమే లెక్కించినట్లయితే భూతలపు సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. వాస్తవానికి అది సుమారు 15 డిగ్రీలు. ఈ 33 డిగ్రీల వ్యత్యాసమే జీవకోటికి ఆధారం. దాని కారణాన్ని మానవుడు తెలుసుకొన్న చరిత్ర ఆసక్తికరమైనది.

1824లో ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫూరియే ఈ సమస్యను పరిశీలించాడు. సూర్యకాంతి వాయుమండలం గుండా సులువుగా లోపలికి వస్తుందనీ, వేడెక్కిన నేల వెలువరించే అదృశ్యమైన వేడిమి అంత సులువుగా వెలుపలికి పోలేదనీ ఆయన భావించాడు. ఆ వేడిమిని అడ్డగించే వాయువు ఏదో మాత్రం ఆయన తేల్చలేదు.

ఆ దిశలో తొలి ప్రయోగఫలితాన్ని ప్రకటించినది యూనిస్ ఫుట్ అనే అమెరికా మహిళ. ఆమె గాజు గొట్టాలలో వేర్వేరు వాయువులను నింపి, ఉష్ణమాపకాలను అమర్చి, ఎండలో ఉంచింది. బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, ఉన్న గొట్టం అన్నిటికంటె అధికంగా వేడెక్కింది. చల్లారడానికీ చాలా ఎక్కువ కాలం పట్టింది. వాయుమండలంలో ఈ వాయువు పెరిగితే భూమి మరింత వేడెక్కుతుందని ఆమె గ్రహించింది. 1856 ఆగస్టులో ఆల్బనీ నగరంలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఆమె పత్రాన్ని జోసెఫ్ హెన్రీ చదివాడు. పిమ్మట మరుగునపడిన ఆ పరిశోధన 2011లో గాని తిరిగి వెలుగులోకి రాలేదు.

1859లో లండనులో జాన్ టిండాల్ ఆ అదృశ్య కిరణాలనే, అనగా పరారుణ కిరణాలనే, పరీక్షించాడు. గాలిలో అత్యధిక భాగమైన నత్రజని, ప్రాణవాయువులు వాటిని దాదాపుగా అడ్డుకోవనీ, స్వల్పంగా ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్‌లు పీల్చుకొంటాయనీ నిరూపించాడు. అట్లు పీల్చుకొన్న వేడిమిలో కొంత తిరిగి నేలకు చేరుతుంది. 1896లో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్, మంచుయుగాల కారణాన్ని వెదకుతూ, కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 5, 6 డిగ్రీలు వేడెక్కుతుందని లెక్కకట్టాడు. నేటి అంచనా సుమారు 3 డిగ్రీలు.

దీనికి 'హరితగృహ ప్రభావం' అన్న పేరు తరువాత స్థిరపడింది. అద్దాల గది ప్రధానంగా వెచ్చని గాలిని వెలుపలికి పోనీయక వేడిని నిలుపుతుంది. వాయుమండలం కిరణాలను పీల్చుకొని నిలుపుతుంది. పోలిక ఫలితంలోనే గాని విధానంలో లేదు.

ఈ దుప్పటి పలుచనైన అంగారకుడు గడ్డకట్టే చలిలో ఉన్నాడు. మితిమీరి మందమైన శుక్రగ్రహంపై తాపం సుమారు 460 డిగ్రీలు. హవాయి దీవిలోని మౌనా లోవాలో 1958లో కీలింగ్ కొలతలు ప్రారంభించినపుడు గాలిలో పది లక్షల పాళ్ళకు సుమారు 315 పాళ్ళు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 2024 నాటికి అది 420 దాటింది. మనకు ప్రాణాధారమైన దుప్పటినే బొగ్గు, చమురు మండించి మనం మందం చేస్తున్నాము.

ఎండ, గాజు పాత్రలు, ఉష్ణమాపకాలు: ఫుట్ వినియోగించిన ఈ సామగ్రిలో అధికభాగం ఏ పాఠశాలలోనైనా లభిస్తుంది. మన విద్యార్థినీ విద్యార్థులు ఆ ప్రయోగాన్ని స్వయంగా చేసి చూచి, ఈ చరిత్రను ముందుకు నడిపింతురు గాక.