ఓడలో కరెంటును ఎంతవరకు నమ్మవచ్చు?

నేను బడిలో చదివింది అరవం. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే మన్నించండి.

మనలో కొందరి పిల్లలు ఓడల్లో ఉద్యోగం చేస్తున్నారు. వారిని తలుచుకుని ఇది రాస్తున్నాను.

1880లో అమెరికాలో కొలంబియా అనే ఆవిరి ఓడకు ఎడిసన్ బల్బులు పెట్టారు. ఓడ కట్టిన జాన్ రోచ్‌కు నిప్పు అంటుకుంటుందేమోనని భయం. అందుకే ఆ పని చాలావరకు ఎడిసన్ మనుషులే చేశారు. ఓడకు ఏమీ కాలేదు. 1882లో ఇంగ్లాండు యుద్ధనౌక ఇన్‌ఫ్లెక్సిబుల్‌లో షాక్ కొట్టి మనిషి చనిపోయాడు. తరువాత ఆ నౌకాదళం 80 వోల్టులకు దిగింది. అప్పట్లో నమ్మకం అంటే మంట రాకూడదు, మనిషి చావకూడదు, అంతే.

1912లో టైటానిక్ ఇంకో పాఠం నేర్పింది. ఓడ మునుగుతున్నా దాదాపు చివరి నిమిషాల దాకా దీపాలు వెలిగాయి. ఆ వెలుతురులోనే పడవలు దించారు. ఇంజనీర్లు ఒక్కరూ బతకలేదు. ఇప్పుడు పెద్ద ఓడల్లో అత్యవసర జనరేటర్ వేరుగా ఉండాలి, 45 సెకన్లలోపు కరెంటు ఇవ్వాలి అని అంతర్జాతీయ నియమం.

అయినా 2024 మార్చి 26 తెల్లవారుజామున బాల్టిమోర్‌లో ఏమైంది? డాలీ అనే సరుకు ఓడలో కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. ఓడ వంతెనను గుద్దింది. వంతెన మీద పని చేస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు. ఓడ సిబ్బందిలో ఎక్కువమంది మన భారతీయులే. విచారణలో తేలింది ఏమంటే, ఒక వైరు మీది పేరుచీటీ అడ్డుపడి ఆ వైరు బిగింపులోకి పూర్తిగా దిగలేదు. అది వదులై బ్రేకర్ పడిపోయింది. రెండోసారి పోవడానికి కారణం వేరు: ఇంధనం పంపే పంపు తనంతట తాను మళ్ళీ మొదలయ్యే రకం కాదు.

వదులు వైరు కూడా తగిలి ఉన్నంతసేపు పని చేస్తుంది. కాబట్టి "పని చేస్తోందా?" అన్న ప్రశ్న చాలదు. "ఇది పోతే తరువాత ఏది నిలబడుతుంది?" అని అడగాలి. నేను రైల్వే గుమాస్తాగా ఉన్నప్పుడు స్టేషన్‌లో కరెంటు ఉన్నా చేతిదీపం తుడిచి, నూనె పోసి పెట్టేవాళ్ళు. అది ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఓడ ఎక్కే పిల్లలకు ఒక్క మాట చెప్పండి: వైరును చేత్తో లాగి చూసిన తరువాతే తనిఖీ కాగితం మీద సంతకం పెట్టమని.