ముందు అవతలి సైన్యాన్ని కొనండి

మావాడికి తొమ్మిదేళ్ళు. సంక్రాంతి సెలవుల్లో మా కింది ఫ్లోర్ వాళ్ళింట్లో ఒక ఆట చూసొచ్చాడు. వాళ్ళు లండన్లో కొన్నేళ్ళుండి ఈమధ్యే తెల్లాపూర్ వచ్చి దిగారు. డైనింగ్ టేబుల్ నిండా బొటనవేలంత సైనికులు, రంగులన్నీ వాళ్ళే వేసుకున్నవి. టేపుతో కొలిచి జరపడం, పాచికలు వేసి ఎవరు పోయారో తేల్చడం. వాడు ఇంటికొస్తూనే "నాన్నా, మనమూ కొందాం" అన్నాడు. ఏం కొనాలిరా అంటే లాప్‌టాప్‌లో ఓ పెద్ద పెట్టె చూపించాడు. ధర చూసి మా ఆవిడ "ఇవి బొమ్మలా, బంగారమా?" అంది.

నాకో వృత్తిరోగం ఉంది. ఏదైనా కొనేముందు దాని పాత వెర్షన్ల సంగతి తెలుసుకోకపోతే నిద్ర పట్టదు. ఓ వారం రాత్రిళ్ళు కూర్చుని చదివాను. తేలిందేమిటంటే, ఈ ఆట చరిత్రంతా మనం ఇంట్లో వేసుకున్న ప్రశ్న చుట్టూనే తిరిగింది: మొదట ఏం కొనాలి, ఎవరు కొనగలరు?

మొదటి కొనుగోలుదారు సాక్షాత్తూ ఓ రాజుగారు. చదరంగం మనదే అని మనం గర్వంగా చెప్పుకుంటాం కానీ, అందులో కొండా వాగూ ఉండవు. 1780లో జర్మనీలో హెల్‌విగ్ అనే లెక్కల మాస్టారు చదరంగాన్ని పెద్దది చేసి, గళ్ళకి నేల స్వభావం కల్పించి ఒక యుద్ధపు ఆట రాశాడు. తర్వాత 1812లో ఫాన్ రైస్విట్జ్ అనే ఆయన ప్రష్యా రాజు కోసం ఏకంగా ఒక బల్లే చేయించాడు. సొరుగులున్న బల్ల, కొండలూ నదులూ ఊళ్ళూ అన్నీ పింగాణీ పలకలు, వాటిని ఎలా కావాలంటే అలా పేర్చుకోవచ్చు. చూడ్డానికి అద్భుతం, కానీ అలాంటిది ఇంకొకడు కొనలేడు. ఒకే ఒక్క క్లయింటు కోసం చేసిన ప్రోడక్టు అన్నమాట.

ఆయన కొడుకు సైన్యంలో ఆఫీసరు. 1824లో అదే ఆటని మార్చి రాశాడు. పింగాణీ తీసేసి, 1:8000 కొలతలో కాగితం మ్యాపులు పెట్టాడు. సైనికుల బదులు ఎరుపు, నీలం రంగుల చిన్న చిన్న దిమ్మలు. మధ్యలో తీర్పరి ఒకడు. అంతే, ప్రష్యా సైన్యంలో ఆట పాకిపోయింది. హార్డ్‌వేర్ చవకైతే తప్ప సాఫ్ట్‌వేర్ జనంలోకి పోదన్న సంగతి మనకి కొత్త కాదు కదా.

ఇది పెద్దవాళ్ళ కథ. పిల్లల కథ వేరే వీధిలో నడిచింది. న్యూరెంబర్గ్‌లో తగరంతో పల్చటి సైనికుల్ని పోతపోసేవాళ్ళు. 1839లో అక్కడ దుకాణం పెట్టిన హైన్రిక్సెన్ బొమ్మల ఎత్తు 30 మి.మీ. దగ్గర స్థిరపరిచాడు. అది క్రమంగా అందరి కొలతా అయింది. ఇది చిన్న విషయంలా కనబడుతుంది కానీ, కొనేవాడికి ఇదే మొదటి పాఠం. ఏ సైనికుడు బావున్నాడని కాదు, ముందు ఏ కొలత అని అడగాలి. ఒకసారి కొలత ఎంచుకుంటే ఇల్లూ చెట్టూ గుర్రమూ అన్నీ ఆ కొలతలోనే కొనాలి. మనవాళ్ళు డేటాబేస్ ఎంచుకున్నట్టే, తర్వాత మార్చుకోవడం మహా కష్టం.

1893లో ఇంగ్లండులో విలియం బ్రిటన్ కంపెనీ లోపల డొల్లగా ఉండే సీసపు సైనికుల్ని పోతపోసే పద్ధతి కనిపెట్టింది. సీసం తక్కువ పడుతుంది, బరువు తక్కువ, ధర తక్కువ. మధ్యతరగతి పిల్లల ఇళ్ళల్లోకి పటాలాలకి పటాలాలు వచ్చిపడ్డాయి. వాటితో ఆడుకున్న ఒక పెద్దమనిషే హెచ్.జి. వెల్స్. కాలయంత్రం కథ రాసిన ఆయనే. 1911లో 'ఫ్లోర్ గేమ్స్', 1913లో 'లిటిల్ వార్స్' అని రెండు చిన్న పుస్తకాలు రాశాడు. రెండోదాంట్లో నియమాలు చాలా తేలిక. కాల్బలం ఒక ఎత్తుకి ఒక అడుగు, గుర్రాలు రెండడుగులు. ఫిరంగికి పాచికలు లేవు. స్ప్రింగు ఉన్న బొమ్మ ఫిరంగిలో చిన్న పుల్ల పెట్టి నిజంగానే కొట్టాలి, పడినవాడు పోయినట్టు. ఇళ్ళకీ కోటలకీ పిల్లల చెక్క ఇటుకలే. ముందు ఇంట్లో ఏముందో చూసుకుని, లేనిదే కొనమన్నట్టు ఉంటుంది ఆ పుస్తకం.

ఇంకో సంగతి. వెల్స్ యుద్ధాన్ని పొగిడే మనిషి కాదు. ఈ ఆట మూడు నాలుగుసార్లు ఆడితే, నిజం యుద్ధం ఎంత గందరగోళపు వ్యవహారమో ఎవరికైనా తెలిసొస్తుందని పుస్తకం చివర్లో చెప్పాడు. మరుసటేడే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. పాపం, ఆయన మాట వినాల్సినవాళ్ళు ఆ ఆట ఆడలేదు.

ఆ తర్వాతి కథ వేగంగా చెప్పేస్తాను. 1959 నుంచి ఎయిర్‌ఫిక్స్ వాళ్ళ చిన్న ప్లాస్టిక్ సైనికుల పెట్టెలొచ్చాయి, పిల్లలు జేబుడబ్బులతో కొనుక్కునేంత చవక. 1962లో డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 'వార్ గేమ్స్' పుస్తకం రాశాడు. సీసం విషమని 1966లో బ్రిటన్ కంపెనీ సీసపు బొమ్మలు మానేసింది (పాత సీసం బొమ్మలు ముచ్చటగా ఉన్నాయని పిల్లల చేతికి ఇవ్వకండి, ఇది మాత్రం సరదాకి చెప్పట్లేదు). అమెరికాలో ఇలాంటి బొమ్మల యుద్ధాలు ఆడేవాళ్ళే 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. లండన్‌లో 1975లో పుట్టిన గేమ్స్ వర్క్‌షాప్ 1983లో వార్‌హామర్, 1987లో వార్‌హామర్ 40,000 విడుదల చేసింది.

ఇక్కడ ఒక మార్పు జరిగింది. వెల్స్ దగ్గర నియమాలు ఒకరివి, బొమ్మలు ఇంకొకరివి. ఇప్పుడు రెండూ ఒకే కంపెనీవి. నియమాలకి కొన్నేళ్ళకోసారి కొత్త ఎడిషన్. 40,000కి పదోది 2023లో వచ్చింది. మన పరిశ్రమలో దీన్ని ఏమంటారో మీకు వేరే చెప్పక్కర్లేదు :-) తప్పని అనను, ఆ బొమ్మల పనితనం చూస్తే నాకే నోరూరింది. కానీ దాంతోపాటే కొనుగోలు లెక్క కూడా మారింది. పాతరోజుల్లో ఇంట్లో 'ఆట' కొనేవాళ్ళు, అంటే రెండు పక్షాలూ. ఇప్పుడు ఎవడి సైన్యం వాడు కొనుక్కోవాలి. అవతలివాడు వాడి డబ్బుతో వాడు తెచ్చుకుంటాడని నమ్మకం. మావాడు చూపించిన పెద్ద పెట్టె నిండా ఒక్క పక్షమే. మరి నేనెవరితో ఆడనురా అంటే "నువ్వింకో పెట్టె కొనుక్కో" అన్నాడు, చాలా న్యాయంగా.

అప్పుడు నాకు మా ఊరి గుడి అరుగు గుర్తొచ్చింది. అరుగు మీద సుద్దముక్కతో గీసిన పులి-మేక. మూడు పులులు, పదిహేను మేకలు. పులులు పెద్ద గవ్వలు, మేకలు చింతపిక్కలు. మొత్తం పెట్టుబడి సున్నా. పైగా రెండు పక్షాలు సమానం కానే కావు. పులి మేకని తిని గెలుస్తుంది, మేకలు పులిని కదలకుండా కట్టేసి గెలుస్తాయి. బలం వేరు, గెలుపు అర్థం కూడా వేరు. సమానం కాని యుద్ధాన్ని న్యాయమైన ఆటగా మార్చడం మన ముసలాళ్ళకి ఎప్పుడో తెలుసు.

కొనుగోలు పద్ధతి కూడా మనకొకటుంది: బొమ్మల కొలువు. మా వైపు సంక్రాంతికి పెడతారు, కొన్నిచోట్ల దసరాకి. అమ్మమ్మల నాటి కొండపల్లి ఏనుగు అంబారీ పక్కనే నిన్న కొన్న ప్లాస్టిక్ బొమ్మ కూర్చుంటుంది. ఏటా కనీసం ఒక్క కొత్త బొమ్మైనా చేర్చాలి, అదీ ఆచారం. మొదటిరోజే కొలువంతా కొనేసినవాళ్ళని నేను చూళ్ళేదు. కొలువు పెరుగుతుంది, అంతే.

సరే, ఏ యుద్ధం ఆడదాం అన్నాను. మావాడు తడుముకోకుండా "బొబ్బిలి" అన్నాడు. మా నాన్నగారు వాడికి 1964 నాటి 'బొబ్బిలి యుద్ధం' సినిమా చూపించారు. రామారావు రంగారాయుడు, ఎస్వీ రంగారావు తాండ్ర పాపారాయుడు. ఇంకేం కావాలి?

అక్కడే చిక్కొచ్చింది. బొబ్బిలి కోట మీద దాడి జరిగింది 1757 జనవరి 24న. అప్పటికి ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్నాయి, నైజాం సలాబత్ జంగ్ 1753లో ఇచ్చేశాడు. వాటి పెత్తనం బుస్సీది. బుస్సీకి అండ విజయనగరం పూసపాటి విజయరామరాజు. ఆయనకీ పక్కనున్న బొబ్బిలికీ పాత పగ. ఫ్రెంచి ఫిరంగులు ఒకవైపు, మట్టికోట ఇంకోవైపు. అంటే కొనాల్సిన సైన్యాలు రెండు కాదు, మూడు. అందులో రెండు తెలుగువే.

మా అమ్మది విజయనగరం దగ్గర పల్లె. మావాడు కాస్త ఆలోచించి "అయితే నాన్నమ్మ వాళ్ళు విలన్లా?" అన్నాడు. సమాధానం తోచక అమ్మకే ఫోన్ చేసి ఇచ్చాను. "విలన్లేంట్రా, మా మేనత్తని ఇచ్చింది బొబ్బిలికే" అంది. వాడికి అది మరీ కష్టమైపోయింది.

ఇంకో కష్టం నాది. ఈ యుద్ధం గురించి రాబర్ట్ ఆర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు 1778లో అచ్చయిన తన సంపుటంలో రాశాడు. కోట ఇక నిలవదని తెలిశాక లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళనీ పిల్లలనీ తామే చంపుకున్నారు. కొద్ది రాత్రుల తర్వాత విజయరామరాజుని డేరాలోనే పొడిచి చంపేశారు, జనం నోట్లో అది పాపారాయుడి కథ. సినిమాలో అయితే కన్నీళ్ళతో చూసేస్తాం. కానీ డైనింగ్ టేబుల్ మీద, పాచికలతో, తొమ్మిదేళ్ళవాడితో? తియ్యకుండా ఆడితే ఘోరం. తీసేసి ఆడితే అబద్ధం. రెండ్రోజులు ఈ ఆలోచన ఇక మానేద్దాం అనుకున్నాను.

దారి చూపించింది ఆర్మ్ రాసిన ఇంకో ముక్క. అంత చావులోంచి ఒక ముసలాయన రంగారావు కొడుకుని, పసివాణ్ణి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడట. ఇది మావాడికి చెప్పాను. చచ్చిపోయినవాళ్ళ సంగతి కూడా చెప్పాను, వివరాలు లేకుండా, దాచకుండా. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే బొబ్బిలి గెలవడమంటే ఫ్రెంచివాళ్ళని చంపడం కాదు. కోట పడేలోపు ఎంతమంది పిల్లల్ని బయటికి పంపిస్తే అన్ని పాయింట్లు" అన్నాడు. పులి-మేక నియమమే అది. నేను నేర్పలేదు.

ఇంతకీ మేం ఏం కొన్నాం? ఏడేళ్ళ యుద్ధం నాటి యూరప్ సైనికులు 1:72 కొలతలో, ప్లాస్టిక్‌వి, ఒక చిన్న పెట్టె. వాళ్ళే బుస్సీ సైన్యం. బొబ్బిలి యుద్ధం జరిగింది సరిగ్గా ఆ రోజుల్లోనే కాబట్టి దుస్తులు పెద్దగా తేడా రావు. రెండు పాచికలు. టేపు ఇంట్లో ఉంది. కోట వినాయకచవితికి మిగిలిన బంకమట్టి. బొబ్బిలివాళ్ళు, విజయనగరం వాళ్ళు నాకు ఏ పెట్టెలోనూ కనబడలేదు. అందుకని వాళ్ళని అట్టముక్కల మీద మావాడే గీశాడు, రెండు సైన్యాలకీ ఒకేలాంటి తలపాగాలు, రంగు మాత్రం వేరు. పిల్లలు చింతపిక్కలు.

చివర్లో శిల్పారామం వెళ్ళి ఒక కొండపల్లి బొమ్మ కొన్నాం. తెల్లపొణికి కర్రతో చేసిన తాత. 1:72 లెక్కలో చూస్తే కోట బురుజుకంటే ఎత్తున్నాడు. కొలత గురించి ఇంత ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి నేనే ఒప్పుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే వాడు ఇంకో తాతని ఒప్పుకోలేదు.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఈ ఆట అడిగితే నా సలహా ఒక్కటే. పిల్లవాడికి నచ్చిన సైన్యంతో మొదలుపెట్టకండి. దాన్ని వాడు ఎలాగూ కాగితంతోనో మట్టితోనో చేసుకుంటాడు. ముందు అవతలి సైన్యాన్ని కొనండి. అవతలివాడు ఎవరు, ఎందుకొచ్చాడు, వాడి వెనక మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు అన్న ప్రశ్నలు అక్కణ్ణించే మొదలవుతాయి. పెద్ద పెట్టె ఎక్కడికీ పోదు, కొలువులో ఏడాదికో బొమ్మ లెక్కన చూసుకోవచ్చు.

ఇప్పటికి నాలుగుసార్లు ఆడాం. కోట నాలుగుసార్లూ పడింది. మొన్న ఆదివారం మాత్రం పన్నెండు చింతపిక్కల్లో తొమ్మిది బయటపడ్డాయి. ఫ్రెంచివాళ్ళ తరఫున ఆడింది నేనే, ఓడిపోయాను.