చూరు క్రింది గది

తెలుగు పల్లెలలోని పాత ఇంటికి వయస్సు చెప్పుట కష్టము. నడిమి ఇల్లు తాతగారి నాటిదై, వెనుకటి వంటపంచ తండ్రి పెండ్లినాటిదై, వీధివైపు చిన్నగది కొడుకు చదువు నిమిత్తము వెలసినదై, పడమటి వసారా ఏ యేట దింపినదో ఇంటివారికే జ్ఞప్తి లేనిదై ఉండును. శాస్త్రమెరిగిన స్థపతి గాని, కూలి మాటాడుకొన్న మేస్త్రి గాని లేకుండ, గృహస్థుడు తన చేతులతోను, అన్నదమ్ముల సాయముతోను, ఇరుగుపొరుగుల ఓర్పుతోను ఇంటికి చేర్చుకొన్న ఇట్టి గదులకు ఒక చరిత్ర కలదు; ఆ చరిత్రను ఆద్యంతము నడిపినది ఇంటి కప్పు. ఏ కాలమున ఏ కప్పు చౌకగా దొరికినదో, ఆ కప్పునకు ఎంత వాలు కావలసి వచ్చినదో, దానినిబట్టియే గది వెడల్పును, ఎత్తును, అందులో మనిషి నిటారుగా నిలుచుటయు, వంగి మెలగుటయు నిర్ణయమగుచు వచ్చినవి.

ఈ మాట చిన్న లెక్కతో తేటపడును. పాత ఇంటి చూరు నేలకు 9 అడుగుల ఎత్తున ఉన్నదనియు, దాని క్రిందినుండి 6 అడుగుల వెడల్పుగల వసారాను దింపవలెననియు అనుకొందము. తాటాకు కప్పు కురియకుండవలెనన్న దాని వాలు ఇంచుమించు 45 డిగ్రీలుండవలెను. అనగా అడుగు ముందునకు సాగిన కప్పు అడుగు క్రిందికి దిగును, వసారా బయటి అంచు నేలకు 3 అడుగులలో నిలుచును. పెంకుటి కప్పునకు 30 డిగ్రీలు చాలును. అది సుమారు మూడున్నర అడుగులు దిగి, బయటి అంచును అయిదున్నర అడుగులలో నిలుపును. ముడుతల రేకునకు 10 డిగ్రీలే సరిపోవును గనుక దిగుడు ఒక్క అడుగే, అంచు ఎత్తు 8 అడుగులు. శ్లాబునకు దిగుడే లేదు. మూడు, అయిదున్నర, ఎనిమిది, తొమ్మిది: ఈ నాలుగు అంకెలలో తెలుగు గృహస్థుని గది చరిత్ర చాలవరకు ఇమిడియున్నది.

మొదటి అంకెతో కాపురము చేసిన కాలమే అన్నిటికంటె దీర్ఘమైనది. కోస్తాలో తాటాకు, రెల్లుగడ్డి, మట్టిగోడ ఇవియే సామాన్యుని సాధనములు. సంక్రాంతి దాటి పంట ఇల్లు చేరిన పిమ్మట చెరువుగట్టునుండి మట్టి తెచ్చి, ఊకయు తరిగిన గడ్డియు కలిపి, నీళ్ళు పోసి కాళ్ళతో త్రొక్కి, ముద్దలు ముద్దలుగా గోడ పెట్టెడివారు. ఒక వరుస మూరెడెత్తునకు మించరాదు. అది ఎండి గట్టిపడినగాని పై వరుస వేయరాదు. తొందరపడి రెండు వరుసలు ఒక్కనాడే వేసినవాని గోడ తన బరువునకు తానే పొట్టపెట్టి జారిపోవును. అందుచేత చిన్నగదికైనను నెల, నెలన్నర పట్టెడిది. తొలకరి లోపల కప్పు పడితీరవలెను. ముదురు తాటిచెట్టునకు చేవ వెలుపటి వలయమునందే ఉండును గావున, మానును నిలువున చీల్చి లోపలి మెత్తని దూటను తీసివేసి, మిగిలిన గట్టి బద్దలను వాసములుగా వాడెడివారు. ఆకును పరచి, పైన బరువులు పెట్టి చదునుచేసి ఎండబెట్టి, తాటినారతో వాసములకు కట్టెడివారు. మేకు అక్కరలేదు, కమ్మరి అక్కరలేదు. నేడు వీరింటికి వారు, రేపు వారింటికి వీరు వచ్చి కప్పు ఎక్కెడివారు. నేలకు పేడయు, గోడకు ఎర్రమన్నును అలుకు పని ఆడువారిది.

ఇట్లు వెలసిన పంచలో మూడడుగుల అంచు క్రిందనుండి దూరవలెను. దానికి జనులు రెండు ఉపాయములు కనుగొనిరి. ఒకటి, వసారాను మూడు నాలుగడుగులకే కుదించి దానిని పొయ్యికో, కుండలకో, దూడకో విడుచుట. రెండవది, కప్పు వాలును తగ్గించి గది ఎత్తును పెంచుకొనుట. కాని వాలు తగ్గిన ఆకుపై నీరు నిలుచును, నీరు నిలిచిన ఆకు త్వరగా కుళ్ళును, రెండు మూడేండ్లకు మార్చవలసిన ఆకును ఏటేట మార్చవలసి వచ్చును. చేతిలో కాసు లేనివాడు నడుము వంచుటకే సమ్మతించెను.

పాత ఇంటికి కొత్త గదిని అతికించుటలోని కష్టమంతయు రెండు చోట్ల ఉన్నది: గోడ కలియుచోటు, కప్పు కలియుచోటు. పాతగోడ క్రింది నేల ఏండ్ల తరబడి బరువునకు అణగి కుదుటపడియుండును. కొత్త పునాది తొలి వానలకు అణగనారంభించును. ఒకటి నిలిచి ఒకటి దిగుటచే అతుకు వెంబడి పైనుండి క్రిందికి నెర్రె పడును. అందులో మొదట చీమలు, పిమ్మట వాననీరు చేరును. దీనినెరిగినవారు పునాది పోసి, అరుగు ఎత్తువరకు లేపి, ఒక వానకాలము దానిని అట్లే విడిచి, మరుసటి ఏట గోడ ఎత్తెడివారు. మట్టిగోడయైనచో పాతదానిలో జానెడు లోతు గాడి తీసి కొత్త మట్టిని అందులోనికి కూరెడివారు; ఇటుక గోడయైనచో పాత అంచున వరుస విడిచి వరుస ఇటుకను ఊడదీసి, ఆ గంట్లలో కొత్త ఇటుకను కొరికించెడివారు. ఇక కప్పు విషయమున నియమమొక్కటే: కొత్త కప్పు పాత చూరు క్రింద మూరెడు లోపలికి పోవలెను. పై నీరు క్రింది కప్పుమీద పడి జారవలెనేగాని, అతుకులో పడరాదు.

ఆ జారిన నీరు ఎవరి నేలమీద పడునన్నది మరియొక చిక్కు. ఊళ్ళలోని గోడ తగాదాలలో సగము చూరునీటి తగాదాలే. తన కప్పు నీటిని పొరుగువాని దొడ్డిలోనికి విడుచు హక్కు చట్టములో ఈజ్‌మెంటు అనబడువానిలో చేరినది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము తొలుత అమలైన ప్రాంతములలో మద్రాసు రాజధాని ఒకటి. ఇరువది ఏండ్లు నిరాటంకముగా, బాహాటముగా అనుభవించినది హక్కగునని దాని సూత్రము. అక్షరమెరుగని రైతుకు సైతము ఈ ఇరువది ఏండ్ల సంగతి బాగుగా తెలియును. పొరుగువాడు సరిహద్దువైపు జానెడు చూరు దింపినను ఆనాడే ఊరి పెద్దల యొద్దకు పోయెడివాడు. తగవు వలదనుకొన్నవాడు వసారాను తన దొడ్డివైపునకే వాల్చుకొనెడివాడు. పాత ఇండ్లకు వీధివైపునను, దొడ్డివైపునను వసారాలు విస్తరించి, ప్రక్కలకు అరుదుగా పెరుగుటకు ఇది ముఖ్యకారణము.

సిద్ధాంతిగారి లెక్క వేరు. గది పొడవు వెడల్పులను గుణించి, వచ్చినదానిని తొమ్మిదిచే హెచ్చించి, ఎనిమిదిచే భాగించగా మిగిలిన శేషము ఆయము. ఒకటి ధ్వజము, మూడు సింహము, అయిదు వృషభము, ఏడు గజము, ఇవి శుభములు. రెండు ధూమము, నాలుగు శ్వానము, ఆరు ఖరము, శేషము లేనిది కాకము, ఇవి వర్జ్యములు. పన్నెండు అడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు గల గదికి శ్వానాయము వచ్చును. పొడవును ఒక్క అడుగు పెంచిన వృషభాయమగును. తొమ్మిదిని ఎనిమిదిచే భాగించిన శేషము ఒకటే గనుక ఆ హెచ్చింపు లేకున్నను ఫలితము మారదు. అయినను హెచ్చించి చెప్పిన లెక్కకు గౌరవమెక్కువ. అడుగు పెంచుటయో తగ్గించుటయో తప్ప ఈ శాస్త్రము గృహస్థుని అంతగా బాధించలేదు. వాసము పొడవు చాలనప్పుడు సిద్ధాంతిగారే తగ్గించు మార్గమును చెప్పెడివారు.

రెండవ అంకె పెంకుది. కుమ్మరి సారెపై గొట్టమువలె తీసి, నిలువున రెండుగా కోసి కాల్చిన గూనపెంకులు ప్రాచీనములే. కాని అవి బరువైనవి, కోతులు నడచిన చెదరునవి, ఏటేట సర్దవలసినవి. 1865లో బాసెల్ మిషన్ వారి పక్షమున జార్జి ప్లెబ్‌స్ట్ అను జర్మను మంగుళూరు చెంత జెప్పులో యంత్రములతో పెంకుల కర్మాగారమును నెలకొల్పిన పిమ్మట కథ మారినది. ఆ పలకపెంకునకు అడుగున బద్దను పట్టుకొను కొక్కెమును, అంచులందు ఒకదానిలో ఒకటి ఇముడు గాళ్ళును ఉండుటచే, తక్కువ పెంకులతో, తక్కువ వాలుతో కప్పు కుదిరినది. వేసవి గాడ్పులలో ఒక ఇంటి నిప్పు వాడనంతటిని కాల్చు తాటాకు భయమునుండి కలిగినవారు దీనివలన బయటపడిరి. అయితే పెంకుకు వాసములు, బద్దలు సరిగా ఒకే కొలతలో ఉండవలెను. బద్దల ఎడము వ్రేలెడు తప్పినను పెంకు కూర్చుండదు. చేతిపని గృహస్థుని విడిచి వడ్రంగిని చేరుట ఇచ్చటనే ఆరంభమైనది. నడిమి ఇల్లు పెంకుటిదైనను వెనుకటి పంచ మాత్రము తాటాకుతోనే చాలకాలము ఉండిపోయినదన్న, తనంత తాను చేసుకొనగల పని అదియే యగుట కారణము.

రాయలసీమలో ఈ వాలు లెక్క పనిచేయదు. అక్కడి మట్టిమిద్దెకు దూలములపై దంతెలు పరచి, వానిపై పుల్లలో బండలో వేసి, మట్టి త్రొక్కి, పైన చౌడు పోయుదురు. తడిసిన చౌడు నీటిని లోనికి దిగనీయదు. కప్పు సమతలమగుటచే కొత్తగది ఎత్తు పాతగది ఎత్తే. అక్కడి హద్దు దూలము. కఱ్ఱ దొరకని సీమలో దూలము పొడవెంతయో గది వెడల్పంతే. కడప, బేతంచెర్ల ప్రాంతముల బండలు, ఇటు తాండూరు, షాబాదు బండలు దొరకుచోట్ల నేలకును కప్పునకును రాయే ఆధారమైనది. బండ ఆధారము లేక దాటగల ఎడము కొద్ది అడుగులే గావున, తెలంగాణ పల్లెలో ఇంటి ప్రక్కన వేసికొన్న చిన్న అర్ర పొడుగు ఎక్కువయై వెడల్పు తక్కువయై ఉండుట సాధారణము.

మూడవ అంకె పరదేశము నుండి వచ్చినది. ఇనుపరేకును ముడుతలుగా వంచిన అది తన బరువును తాను మోయునని గ్రహించి, లండనులో హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో దానికి హక్కుపత్రము పొందెను. తుప్పు పట్టకుండ జింకుపూత వచ్చిన తరువాత ఆ రేకు ఓడలెక్కి రేవు రేవునకు చేరినది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఆస్ట్రియాలో లూడ్విగ్ హాచెక్ కనిపెట్టిన ఆస్బెస్టాస్ సిమెంటు రేకు స్వాతంత్ర్యానంతరము మన పట్టణములను కమ్మినది. ఎనిమిదడుగుల అంచుతో మనిషి తలయెత్తి నిలుచు వసారా మొదటిసారిగా సామాన్యుని చేతికందినది; రెండు గొట్టములు, నాలుగు రేకులు, గుప్పెడు కొక్కెపు బోల్టులు ఉన్న ఆదివారమునాడు గది కప్పవచ్చును. అందులోను మెలకువ ఒకటి కలదు: బోల్టు రంధ్రము ముడుత గట్టుమీద వేయవలెను, పల్లములో వేసిన నీరు దానిలోనికే పారును. రేకు రెండు దోషములను తెచ్చినది. వైశాఖమున మధ్యాహ్నము దాని క్రింద కూర్చుండ శక్యము కాదు. తుపాను గాలి దాని అడుగున చొరబడినచో ఎగురగొట్టుకొని పోవును. కోస్తా ఊళ్ళలో రేకులపై కనబడు ఇసుకబస్తాలు, బండరాళ్ళు ఆ భయమునకు సాక్ష్యము. ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలి అనేక దేశములు దానిని నిషేధించినవి. రేకును రంపముతో స్వయముగా కోసికొను గృహస్థునకే ఆ ధూళి ఎక్కువ సోకును.

శ్లాబు చాలకాలము ఆశగానే ఉండెను. సిమెంటు ప్రభుత్వ నియంత్రణలో ఉన్న రోజులలో పది బస్తాలకు సైతము పర్మిటు కావలెను. అందులకై దరఖాస్తు పట్టుకొని కచేరీల చుట్టు తిరుగుటే ఒక పని. 1982 ఫిబ్రవరి 28న నియంత్రణ కొంత సడలి, 1989 మార్చి 1న పూర్తిగా తొలగినది. ఆ తరువాతనే చిన్న ఊళ్ళలో సైతము గదికి గది చేర్చుట మాని గదిపై గది ఎక్కించుట అలవాటైనది. డాబాపై స్తంభముల నుండి ఆకాశమునకు పొడుచుకొనియున్న ఇనుప ఊచలు ఆ ఉద్దేశమును చాటును. 12 మిల్లీమీటర్ల ఊచను మరియొక ఊచతో కలుపుటకు ఇంచుమించు రెండడుగులు ఒరసియుండవలెను. అంత పొడవు విడువనివాడును, విడిచి పూత వేయక తుప్పు పట్టనిచ్చినవాడును కట్టబోవు అంతస్తును ముందే బలహీనపరచినవారగుదురు. పట్టణములలో చుట్టును విడువవలసిన ఖాళీ స్థలమును ఈ గదులు ఆక్రమించుట ఎంత విరివియైనదనగా, 2007 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అనుమతి లేని కట్టడములను రుసుము గైకొని క్రమబద్ధము చేయు పథకమునే ప్రకటించవలసి వచ్చినది.

ఇంతకును గృహస్థుడు చేర్చుకొన్న గది ఏది? ప్రభుత్వములు బీదలకు కట్టించిన ఒంటిగది ఇండ్లను చూచిన దీనికి సమాధానము దొరకును. కాంక్రీటు కప్పుగల ఆ గదులకు ముందో వెనుకనో తాటాకు పంచయో రేకుల వసారాయో వెలయని ఇల్లు అరుదు. అందులో పొయ్యి ఉండును. మూసిన కాంక్రీటు గదిలో కట్టెల పొయ్యి పెట్టిన పొగకు నిలువరాదన్న సంగతి ఇల్లాండ్రకు ప్రణాళికాకర్తలకంటె ముందు తెలిసినది. 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ విభాగమున ఇంటి కనీస వైశాల్యమును 20 నుండి 25 చదరపు మీటర్లకు పెంచి, అందులో వంటకు ప్రత్యేక స్థలముండవలెనని నిబంధన చేసిరి. ఆ పెరిగిన 5 చదరపు మీటర్లు, అనగా ఇంచుమించు ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు, జనులు తరతరములుగా తమ చూరుల క్రింద తామే దింపుకొనుచున్న వంటపంచ కొలతయే. జనులు అనుభవముతో తీర్చుకొన్న లోటును శాసనము ఆలస్యముగా గుర్తించినది.

గృహప్రవేశముతో ఇల్లు పూర్తియగునను భావము కొత్తది. మన పెద్దలకు ఆ భ్రాంతి లేదు. పెండ్లియో, పురుడో, చదువో, పాడియో వచ్చినప్పుడెల్ల ఇల్లు పెరుగునని వారెరుగుదురు, పెరుగుటకు దొడ్డిని విడిచియుంచిరి. నేడు ఇల్లు కట్టువాడు రంగులకును, గుమ్మములకును ఎంతయో ఆలోచన వెచ్చించును. కాని రాబోవు గది ఏ గోడను ఆనుకొనును, దాని కప్పు ఎంత దిగును, దాని నీరు ఎటు పోవును అను మూడు ప్రశ్నలను పునాదినాడే వేసికొనుట మేలు. గది ఎట్లును వచ్చితీరును. దాని గోడకు నెర్రె పడుటయు పడకుండుటయు, పొరుగువానితో తగవు పుట్టుటయు పుట్టకుండుటయు ఆనాటి ఆలోచనపైననే ఆధారపడియుండును.