ఒక ఈతకొలను - ఒక అబద్ధం



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమన్నారు. కోటల గురించి, యుద్ధాల గురించి రాసేవారు మనలో చాలామందే ఉన్నారు కనుక నేను ఒక ఈతకొలను గురించి రాస్తున్నాను.

ఇంగ్లాండులో లండన్‌కు పడమరగా, థేమ్స్ నది ఒడ్డున క్లివ్‌డెన్ అనే పెద్ద ఎస్టేటు ఉంది. అది ఆస్టర్ ప్రభువులది. 1942లో దానిని నేషనల్ ట్రస్ట్‌కు దానమిచ్చినా ఆ కుటుంబం అక్కడే నివసించేది. భవనం పక్కన, చుట్టూ గోడలున్న తోటలో ఆరుబయట ఈతకొలను ఉంది.

1961 జూలై 8, శనివారం. ఆ వారాంతంలో వచ్చిన అతిథుల్లో పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్ కూడా ఉన్నారు. ఆ రాత్రి తోటలోకి వచ్చిన యుద్ధశాఖ మంత్రి జాన్ ప్రొఫ్యూమోకు, కొలనులో ఈదుతున్న పందొమ్మిదేళ్ళ క్రిస్టీన్ కీలర్‌తో పరిచయమైంది. ఎస్టేటులోనే కుటీరం అద్దెకు తీసుకున్న స్టీఫెన్ వార్డ్ వెంట ఆమె వచ్చింది. మర్నాడు అదే కొలను దగ్గరకు సోవియట్ నౌకాదళ అధికారి ఇవనోవ్ కూడా వచ్చాడు. అసలే ప్రచ్ఛన్నయుద్ధ కాలం. రక్షణ రహస్యాల మీద అనుమానాలు పుట్టాయి.

1963 మార్చి 22న, ఆమెతో తనకు అనుచిత సంబంధమేదీ లేదని మంత్రి పార్లమెంటులో ప్రకటించారు. జూన్‌లో అది అబద్ధమని ఒప్పుకుని రాజీనామా చేశారు. రహస్యాలేవీ బయటికి పోలేదని సెప్టెంబరులో డెన్నింగ్ ప్రభువు నివేదిక తేల్చింది. ఆయన పదవి పోయింది సభలో చెప్పిన అబద్ధం వల్లనే. సర్వీసంతా ఫైళ్ళ మధ్య గడిపిన నాబోటి గుమాస్తాకు ఇది బాగా అర్థమవుతుంది. నోటి మాట వేరు, రికార్డుకెక్కిన మాట వేరు.

అయితే ఫలితం అందరికీ ఒకేలా లేదు. తనపై నడిచిన కేసులో శిక్ష ఖరారు కాకముందే వార్డ్ మరణించాడు. మరో కేసులో అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు కీలర్‌కు తొమ్మిది నెలల జైలు పడింది. మంత్రికి జైలు లేదు. ఈ తేడా నాకు న్యాయంగా తోచదు.

కానీ ప్రొఫ్యూమో తర్వాతి జీవితం కూడా చెప్పాలి. తూర్పు లండన్‌లో పేదలకు సేవచేసే టాయిన్‌బీ హాల్‌లో చేరి, జీతం లేకుండా పాత్రలు కడగడంతో మొదలుపెట్టి, దశాబ్దాల పాటు పనిచేశారు. 1975లో ప్రభుత్వం ఆయనను సత్కరించింది. 2006లో, తొంభై ఒకటో ఏట కన్నుమూశారు. కుర్చీ పోయాక కూడా మనిషికి పని మిగిలే ఉంటుందని విశ్రాంత జీవితం గడుపుతున్న మనకు వేరే చెప్పాలా?

క్లివ్‌డెన్ భవనం 1980లలో హోటలుగా మారింది. కొలనులో నీళ్ళు ఎన్నిసార్లు మార్చారో గానీ, 1963 మార్చి నాటి ఆ మాట మాత్రం పార్లమెంటు రికార్డులో చెక్కుచెదరకుండా ఉంది.