‘వైన్స్’లో దొరకని వైన్

కొత్త ఊళ్లో ఉద్యోగం చేసేవాడికి పగలు ఎలాగో గడిచిపోతుంది, సాయంత్రాలే బరువు. హైదరాబాదు దగ్గరి చేవెళ్లకు బదిలీ అయిన మొదటి నెలలోనే నాసిక్‌లో పనిచేసే మిత్రుడొకడు అక్కడి వైన్ సీసాతో దిగాడు. ‘‘ఈసారి వచ్చినప్పుడు మీ వైపుది పట్టించాలిరా’’ అని షరతు పెట్టి మరీ వెళ్లాడు. అదేం కష్టం, ఏ మలుపు తిరిగినా ‘వైన్స్’ బోర్డే కదా అనుకున్నాను. లోపల చూస్తే విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు. వైన్ కావాలంటే కొట్టతను నన్ను ఎగాదిగా చూసి, మూలనున్న సీసాకు దుమ్ము తుడిచి ఇచ్చాడు. అదీ మహారాష్ట్రదే.

అప్పుడు మొదలైంది నా వెతుకులాట. ముందు పాత పుస్తకాల్లో పడ్డాను.

1666-67 ప్రాంతంలో తెవెనో అనే ఫ్రెంచి యాత్రికుడు గోల్కొండ రాజ్యం మీదుగా ప్రయాణించాడు. అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుతున్న రోజులవి. ఇక్కడ ద్రాక్షతోటలున్నాయనీ, జనవరిలో పండే పండ్లు కొన్నిచోట్ల ఏప్రిల్ దాకా తీగమీదే ఉంటాయనీ, వాటితో తెల్లవైన్ చేస్తారనీ ఆయన రాశాడు. పండు కోశాక తీగ కత్తిరిస్తారట, నడివేసవికి మళ్లీ పుల్లటి కాయలొస్తాయట. ఇది చదివి ఉలిక్కిపడ్డాను. ఇప్పటి దక్కను రైతు చేసేదీ దాదాపు అదే: ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు తీగ కోసం, అక్టోబరులో ఇంకొకటి పండు కోసం. చలిదేశాల్లో తీగ శీతకాలమంతా నిద్రపోతుంది. మన ఎండకు దానికి నిద్ర లేదు, అందుకే కత్తెరతోనే దానికి కాలం నేర్పాలి.

ఆ తెల్లవైన్ ఏమైందో గానీ, తోటలు మాత్రం ఇంకో దారిలో తిరిగొచ్చాయి. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాదుకు ‘అనాబ్-ఎ-షాహీ’ రకాన్ని తెచ్చాడని ఉద్యానశాస్త్ర పుస్తకాలు చెబుతాయి. పేరుకు అర్థం రాజద్రాక్ష. పెద్ద కాయ, పలచటి తోలు, లోపల గింజలు. పందిళ్లకెక్కించిన ఈ తీగ ఎంత కాసిందంటే, దిగుబడిలో హైదరాబాదు తోటల పేరు దేశాలు దాటింది. రాజేంద్రనగర్‌లో ద్రాక్షకు ప్రత్యేకంగా పరిశోధన కేంద్రమే వెలిసింది. మొయినాబాద్, చేవెళ్ల, శంషాబాద్ వైపు నల్లరేగళ్లూ ఎర్రచెల్కలూ కలిసిన నేలల్లో బావుల కింద పందిళ్లు లేచాయి.

మరి వైన్ ఎందుకు కాలేదు? లోపం చక్కెరలో ఉంది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే గానీ ఒక శాతం మద్యం తయారుకాదు. అనాబ్ కాపెక్కువ, తీపి తక్కువ. తినడానికే పుట్టిన కాయ. పైగా గింజల్లేని థామ్సన్ రకం మహారాష్ట్ర నుంచి లారీలకెత్తి రావడంతో జనం గింజలు ఉమ్మడం మానేశారు. తెగుళ్లు, కూలి ఖర్చు, అడుగంటిన బోర్లు మిగతా పని పూర్తిచేశాయి. ఈ వైపే ఉన్న హైదరాబాదు జంట జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలకు అడ్డుకట్ట వేసింది. ఫ్యాక్టరీలు రాలేదు గానీ ఫామ్‌హౌసులొచ్చాయి. ఇప్పుడు ఎవరికి వారు గుత్తులు కోసుకునే తోటలు అక్కడక్కడా ఉన్నాయి. వారాంతాల్లో వాటిలో కోతకంటే ఫొటోలే ఎక్కువ.

‘‘అంగూర్ తోటలా? గవన్నీ ఎన్నడో పోయినయ్ సారూ’’ అన్నాడు నేను అద్దెకున్న ఇంటి పెద్దాయన. ‘‘అయినా మనూరి తాగుడు గది కాదు గదా!’’

నిజమే. తెవెనో కాలంవాడే అయిన మరో ఫ్రెంచి యాత్రికుడు తవెర్నియే ఇంకో లెక్క రాశాడు. అయిదారు కోసుల దూరం నుంచి, గుర్రానికి రెండు తోలుతిత్తుల చొప్పున, రోజూ అయిదారు వందల గుర్రాల మీద కల్లు హైదరాబాదులోకి వచ్చేదట. దాని పన్ను ఖజానాకు పెద్ద రాబడి. ఊళ్ల పేర్లు ఆయన రాయలేదు. కానీ అయిదారు కోసులంటే ఇరవై కిలోమీటర్లకు అటూఇటూ. గోల్కొండ నుంచి పడమటికి అంత దూరం నడిస్తే తగిలేది మొయినాబాద్ చుట్టుపక్కలే. ఆ గుర్రాల్లో కొన్నయినా ఈ దారినే దౌడు తీసుంటాయని నా ఊహ.

నాసిక్ మిత్రుడు మళ్లీ వచ్చాడు. పొద్దున్నే ఈతవనానికి తీసుకెళ్లాను. ద్రాక్షకు రకాలున్నట్టే కల్లుకూ ఉన్నాయని, ఈతకల్లు వేరు, తాటికల్లు వేరని, తాటిలో మళ్లీ మగచెట్టు పోద్దాడు, ఆడచెట్టు పండుతాడు అని, నేర్చుకున్నదంతా దారిపొడుగునా ఒప్పజెప్పాను. నడుముకు మోకుతో దిగిన గౌడన్న లొట్టి వంచి తాటాకు రేకల్లోకి పోశాడు. మిత్రుడు ఒక్క గుక్క తాగి, కళ్లు పెద్దవి చేసుకుని, సంచిలోంచి ఖాళీ సీసా తీశాడు.

‘‘అన్నా, ఇందులో పోసివ్వు, నాసిక్ పట్టుకుపోతా.’’

గౌడన్న నవ్వాడు. ‘‘పొద్దుగూకే వరకే పులుస్తది సారూ. ఈడ్నే కూసొని తాగాలె.’’