సీటు లిఫ్టు

సీటు లిఫ్టు అనగా కుర్చీలో కూర్చున్న మనిషి లేచి నిలబడటానికి కావలసిన బలంలో కొంత భాగాన్ని గాని, మొత్తాన్ని గాని సమకూర్చే సహాయక ఉపకరణం. ఇది ఆసనపు వెనుక భాగాన్ని పైకి ఎత్తుతుంది. కుర్చీలో అంతర్భాగంగా కాక, చేతితో తీసుకొనిపోయి ఇంట్లో ఉన్న ఏ గట్టి కుర్చీ మీదనైనా పెట్టుకోగల రకాన్ని పోర్టబుల్ సీటు లిఫ్టు అంటారు. చూడటానికి ఇది మందపాటి దిండు వలె ఉంటుంది. మోకాళ్ళ కీళ్ళవాతం, పార్కిన్సన్ వ్యాధి, కండరాల బలహీనత, వృద్ధాప్యం మొదలైన కారణాల వలన కుర్చీ నుండి లేవలేక, లేచిన తరువాత మాత్రం నిలబడి నడవగలిగిన వారికి ఇది ఉపయోగపడుతుంది. నిలబడే శక్తి లేనివారిని ఇది నిలబెట్టలేదు. ఈ తేడాను గమనించకుండా ఎంచుకున్న పరికరం మనిషిని ముందుకు పడవేసే ప్రమాదం ఉన్నది.

కూర్చున్న చోటు నుండి లేవడం

ఆరోగ్యవంతుడు ఆలోచించకుండానే చేసే ఈ పనిలో అనేక దశలు ఉన్నాయి. 1990లో షెంక్మన్ మరియు సహచరులు ప్రచురించిన పరిశోధన ప్రకారం వీటిని నాలుగుగా విభజిస్తారు.

1. నడుము పైభాగాన్ని ముందుకు వంచి ఊపు తెచ్చుకోవడం.
2. పిరుదులు ఆసనం నుండి లేచి, శరీర భారం పాదాల మీదికి మారడం.
3. తుంటి, మోకాళ్ళు, నడుము నిటారుగా చాచి పైకి లేవడం.
4. నిలబడిన తరువాత తూలకుండా నిలదొక్కుకోవడం.

వీటిలో రెండవ దశ కష్టమైనది. అప్పటివరకు ఆసనం మోసిన బరువును తొడ ముందు భాగపు కండరాలు, పిరుదుల కండరాలు ఒక్కసారిగా అందుకోవాలి. ఆసనం ఎంత తక్కువ ఎత్తులో ఉంటే మోకాళ్ళు అంత ఎక్కువగా వంగి ఉంటాయి, కండరాలపై భారం అంతగా పెరుగుతుంది. ఈ విషయంపై వెలువడిన పరిశోధనలను జాన్సెన్ మరియు సహచరులు 2002లో సమీక్షించారు. ఎత్తైన ఆసనం వలన మోకాలిపై పడే బలభ్రామకం 60 శాతం వరకు, తుంటిపై పడేది 50 శాతం వరకు తగ్గగలదని ఆ సమీక్ష తెలిపింది. సీటు లిఫ్టు పనిచేసేది ఈ సూత్రం మీదనే. ఆసనాన్ని క్రమంగా పైకి లేపి, కష్టమైన రెండవ దశను అది సులభం చేస్తుంది. నాలుగవ దశలో మాత్రం అది ఏ విధమైన సహాయమూ చేయదు.

కాళ్ళ బలాన్ని అంచనా వేయడానికి రిక్లి, జోన్స్ 1999లో వివరించిన 30 సెకండ్ల కుర్చీ పరీక్ష వాడుకలో ఉన్నది. సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తైన, చేతులు లేని కుర్చీ నుండి, చేతులను ఛాతీపై కట్టుకొని, 30 సెకండ్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో లెక్కిస్తారు. అమెరికాలో వాడే పట్టిక ప్రకారం 70 నుండి 74 సంవత్సరాల వయసు పురుషులలో 12 కంటే, స్త్రీలలో 10 కంటే తక్కువ వస్తే సగటు కంటే తక్కువగా భావిస్తారు. ఇటువంటి వారికి పడిపోయే ప్రమాదం ఎక్కువ.

లేవలేకపోవడానికి కారణాలు

* మోకాలు, తుంటి కీళ్ళు అరిగిపోవడం. నొప్పి వలన కండరాన్ని పూర్తిగా వాడలేరు, వాడని కండరం మరింత బలహీనపడుతుంది.
* కండరాల క్షీణత. ఈ వ్యాధి ఉన్న పిల్లలు నేల మీది నుండి లేచేటప్పుడు చేతులతో తమ తొడలనే పట్టుకొని పైకి ఎగబాకుతారు. 1879లో దీనిని వర్ణించిన ఆంగ్ల వైద్యుడు విలియం గవర్స్ పేరున దీనిని గవర్స్ లక్షణం అంటారు.
* పార్కిన్సన్ వ్యాధి. ఇందులో బలం ఉన్నప్పటికీ కదలికను ప్రారంభించడం కష్టమవుతుంది.
* పక్షవాతం, చిన్నతనంలో వచ్చిన పోలియో.
* తుంటి మార్పిడి శస్త్రచికిత్స. కొన్ని పద్ధతులలో చికిత్స జరిగిన తరువాత కొన్ని వారాలు తుంటిని 90 డిగ్రీల కంటే ఎక్కువ వంచకూడదని చెబుతారు. కనుక తక్కువ ఎత్తు ఆసనాలు పనికిరావు.
* ఎముకల ఫ్లోరోసిస్. నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో వెన్ను, కీళ్ళు బిగుసుకుపోతాయి. భారతదేశంలో దీనిని 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తెలంగాణలోని నల్గొండ జిల్లా దీని వలన ఎక్కువగా బాధపడిన ప్రాంతాలలో ఒకటి. నడుము బొత్తిగా వంగనివారికి లేవడంలోని మొదటి దశే సాధ్యం కాదు కాబట్టి, వారికి సీటు లిఫ్టు వలన ప్రయోజనం తక్కువ.

నిర్మాణం, పనిచేసే విధానం

పరికరంలో రెండు పలకలు ఉంటాయి. కింది పలక కుర్చీపై కదలకుండా ఆనుకొని ఉంటుంది. దిండు అమర్చిన పై పలక ముందు అంచున కీలుతో కింది పలకకు కలిసి ఉంటుంది. వెనుక వైపు రెండింటి మధ్య ఎత్తే భాగం ఉంటుంది. పెట్టె మూత తెరుచుకున్నట్లు వెనుక భాగం పైకి లేస్తుంది.

విద్యుత్తు అవసరం లేని రకాలలో గ్యాస్ స్ప్రింగులను వాడతారు. కార్ల వెనుక తలుపును ఎత్తి నిలిపేవి కూడా ఇవే. ఉక్కు గొట్టంలో అధిక పీడనంతో నింపిన నత్రజని వాయువు ఒక కడ్డీని బయటకు నెడుతుంది. మనిషి కూర్చున్నప్పుడు అతని బరువు వలన కడ్డీ లోపలికి పోయి వాయువు నొక్కుకుంటుంది. అతను ముందుకు వంగి పాదాలపై భారం వేసినప్పుడు ఆసనంపై బరువు తగ్గి, వాయువు మరల వ్యాకోచించి పలకను లేపుతుంది. అనగా కూర్చునేటప్పుడు దాచిన శక్తినే లేచేటప్పుడు తిరిగి ఇస్తుంది. గొట్టంలోని సన్నని రంధ్రాలు, కొద్దిపాటి నూనె కదలికను నెమ్మది చేస్తాయి.

బరువు లెక్క

గ్యాస్ స్ప్రింగు రకాలు మనిషి బరువులో సుమారు 70 శాతాన్ని ఎత్తుతాయని తయారీదారులు చెబుతారు. అయితే స్ప్రింగు ఇచ్చే బలం దాదాపు స్థిరమైనది, కూర్చునే మనిషిని బట్టి మారదు. పాదాలు మోసే భాగాన్ని పక్కన పెట్టి స్థూలంగా లెక్క వేస్తే, 60 కిలోల మనిషికి 70 శాతం అంటే 42 కిలోలు. మిగిలిన 18 కిలోల పని కాళ్ళు, చేతులు చేయాలి. ఇదే పరికరంపై 100 కిలోల మనిషి కూర్చుంటే అతని కాళ్ళకు ఇంకా 58 కిలోల పని మిగులుతుంది. 40 కిలోల మనిషి కూర్చుంటే స్ప్రింగు బలం అతని బరువు కంటే ఎక్కువ. పలక పూర్తిగా కిందికి దిగదు, దిగినా కొంచెం కదలగానే అతనిని ముందుకు తోస్తుంది.

అందువలన వీటిని మనిషి బరువును బట్టి వేర్వేరు పరిమాణాలలో తయారు చేస్తారు. ఇంట్లో భార్యాభర్తల బరువులలో చాలా తేడా ఉన్నప్పుడు ఒకే పరికరాన్ని ఇద్దరూ వాడటం సరికాదు.

రకాలు

* గ్యాస్ స్ప్రింగు రకం: తేలికైనది, విద్యుత్తు అక్కరలేదు. ప్రయాణాలకు అనువైనది. కాళ్ళలో కొంత బలం తప్పనిసరి.
* విద్యుత్ మోటారు రకం: మీట నొక్కితే నెమ్మదిగా లేస్తుంది, మధ్యలో ఆపవచ్చు. మనిషి పూర్తి బరువును ఎత్తగలదు. బరువు ఎక్కువ, విద్యుత్తు లేనప్పుడు పనిచేయదు.
* గాలి దిండు రకం: చిన్న కంప్రెసరుతో గాలి నింపగా పైకి లేచే దిండు. నేల మీద పడిన వారిని కూర్చున్న స్థితికి తేవడానికి వాడతారు. వేల్స్ దేశపు మంగార్ సంస్థ రూపొందించిన ఎల్క్ ఈ రకానికి చెందినది.
* మరుగుదొడ్డి సీటు లిఫ్టు: పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డిపై అమర్చేది.

వాడే పద్ధతి

పరికరాన్ని గట్టి ఆసనము, రెండు చేతులు, నాలుగు స్థిరమైన కాళ్ళు ఉన్న కుర్చీపై మాత్రమే పెట్టాలి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ పక్కకు ఒరిగిపోగలదు. చక్రాల ఆఫీసు కుర్చీ వెనుకకు జారిపోతుంది. నులక మంచం, నవారు మంచం, పడక కుర్చీ మధ్యలో కుంగి ఉంటాయి కనుక కింది పలక సమంగా ఆనదు. నేలపై గాని, పీటపై గాని ఇది పనికిరాదు.

పరికరం మందం వలన ఆసనం ఎత్తు పెరుగుతుందని కూడా గమనించాలి. 43 సెంటీమీటర్ల కుర్చీపై 8 సెంటీమీటర్ల పరికరం పెడితే ఎత్తు 51 సెంటీమీటర్లు అవుతుంది. పొట్టివారికి పాదాలు నేలకు ఆనవు. పాదాలు పూర్తిగా ఆననప్పుడు సీటు లిఫ్టును వాడరాదు.

లేచేటప్పుడు పాటించవలసిన క్రమం:

1. పాదాలను మోకాళ్ళ కంటే కొంచెం వెనుకకు తీసుకొని, కొద్దిగా ఎడంగా నేలపై ఆనించాలి.
2. రెండు చేతులను కుర్చీ చేతులపై ఉంచాలి. వాకర్‌ను పట్టుకొని లాగి లేవరాదు.
3. ముక్కు కాలి వేళ్ళకు పైగా వచ్చే వరకు ముందుకు వంగాలి.
4. ఆసనం లేచే కొద్దీ కాళ్ళతో నేలను నొక్కుతూ లేవాలి.
5. నిలబడిన తరువాత కొన్ని క్షణాలు ఆగి, ఆపైన అడుగు వేయాలి.

మొదటి కొన్ని సార్లు ఫిజియోథెరపిస్టు గాని, ఇంటివారు గాని పక్కన ఉండటం మంచిది.

ఎవరికి తగదు

నిలబడిన తరువాత తమ బరువును మోయలేనివారు, కూర్చున్నప్పుడే ఒక పక్కకు ఒరిగిపోయేవారు, తీవ్రమైన మతిమరుపు వలన సూచనలు పాటించలేనివారు దీనిని ఒంటరిగా వాడరాదు. లేవగానే రక్తపోటు పడిపోయే వారి విషయంలో కూడా జాగ్రత్త అవసరం. నిలబడిన 3 నిమిషాలలో పై రక్తపోటు 20 గాని, కింది రక్తపోటు 10 గాని తగ్గితే దానిని ఈ లోపంగా గుర్తిస్తారు. పరికరం త్వరగా లేపితే వీరికి కళ్ళు తిరిగి పడిపోయే అవకాశం ఉన్నది. పుండ్లు పడే ప్రమాదం ఉన్నవారు దానిపై గంటల తరబడి కూర్చోరాదు.

కాళ్ళలో ఉన్న బలాన్ని నిలుపుకోవడానికి కుర్చీ నుండి లేచి కూర్చునే వ్యాయామమే మంచి సాధనం. అందువలన చేయగలిగిన మేరకు స్వయంగా లేస్తూ, అలసిన వేళల్లో మాత్రమే పరికరం సహాయం తీసుకోవచ్చు.

ముందుగా చేయదగిన మార్పులు

సీటు లిఫ్టు కొనడానికి ముందు కుర్చీని మార్చి చూడాలి. కాళ్ళ కింద స్థిరమైన దిమ్మలు అమర్చి కుర్చీని కొన్ని అంగుళాలు ఎత్తు చేయడం, మెత్తని సోఫా బదులు గట్టి చేతుల కుర్చీ వాడటం, మరుగుదొడ్డి గోడకు పట్టుకమ్మీ బిగించడం తక్కువ ఖర్చుతో అయ్యే పనులు. నేలపై కూర్చొని భోజనం, పూజ చేసే అలవాటు ఉన్న ఇళ్ళలో ముసలివారికి ఎత్తైన ఆసనం ఏర్పాటు చేయడమే మొదటి మార్పు.

అమెరికాలో నియమాలు

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ సీటు లిఫ్టు యంత్రభాగానికి సొమ్ము చెల్లిస్తుంది, కుర్చీకి చెల్లించదు. రోగికి తుంటి లేదా మోకాలి తీవ్ర కీళ్ళవాతం గాని, తీవ్రమైన నాడీకండర వ్యాధి గాని ఉండాలి. ఇంట్లోని ఏ కుర్చీ నుండీ లేవలేని స్థితిలో ఉండాలి. లేచిన తరువాత నడవగలగాలి. కుర్చీ ఎత్తు సరిగా ఉండి, చేతులు ఉంటే నడవగలిగిన వారిలో దాదాపు అందరూ లేవగలరని, అందువలన తక్కువ ఎత్తు కుర్చీ నుండి లేవలేకపోవడం ఒక్కటే తగిన కారణం కాదని ఆ నియమాలు చెబుతాయి. స్ప్రింగు విడివడి ఒడిసెల వలె మనిషిని ఒక్కసారిగా విసిరే రకాలను పూర్తిగా మినహాయించారు. నెమ్మదిగా కదిలి, వాడేవారి అదుపులో ఉండే వాటికే అనుమతి ఉన్నది.

భారతదేశంలో

అరవై ఏళ్ళు దాటిన పేదలకు సహాయక ఉపకరణాలను ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో ఆంధ్రప్రదేశ్‌లోని నెల్లూరు జిల్లాలో ప్రారంభమైనది. కాన్పూరులో 1972లో స్థాపించబడిన ప్రభుత్వ రంగ సంస్థ అలింకో ద్వారా దీనిని అమలు చేస్తారు. ప్రారంభంలో ప్రకటించిన జాబితాలో చేతికర్రలు, మోచేతి ఊతకర్రలు, వాకర్లు, మూడు మరియు నాలుగు కాళ్ళ కర్రలు, వినికిడి యంత్రాలు, చక్రాల కుర్చీలు, కట్టుడు పళ్ళు, కళ్ళజోళ్ళు ఉన్నాయి. సీటు లిఫ్టు అందులో లేదు. నడవడానికి సహాయపడే వస్తువులు దొరికినా, ఆ నడకకు ముందు కుర్చీ నుండి లేవడానికి తోడ్పడే వస్తువును కుటుంబం సొంతంగా సమకూర్చుకోవలసి ఉంటుంది. ఈ కారణం వలన కూడా ముందుగా కుర్చీ ఎత్తును సరిచేసుకోవడం అవసరం.

ఇవి కూడా చూడండి

* చక్రాల కుర్చీ
* కీళ్ళవాతం
* పార్కిన్సన్ వ్యాధి
* ఫ్లోరోసిస్
* భౌతిక చికిత్స